లక్ష్మమ్మ పాటకు గిటారు

1999 మార్చి 14, ఆదివారం. ఉదయం ఏడున్నరకు సంగారెడ్డిలో పటాన్‌చెరు బస్సెక్కాను. ఇస్నాపూర్ చౌరస్తాకు టికెట్టు ఎనిమిది రూపాయలు. సంచిలో టేప్‌రికార్డరు, కొత్త బ్యాటరీలు, ఒక క్యాసెట్టు.

ఆ క్యాసెట్టు కోసమే ప్రయాణం. హైదరాబాదులో రాక్ బ్యాండు నడిపే నలుగురు యువకులు కార్మికుల పోరాట పాటలకు గిటార్లు, డ్రమ్ములు చేర్చి విడుదల చేశారు. ఒక దినపత్రిక, ఉద్యమాన్ని పెళ్లి బరాత్‌లో ఊరేగించారంది. ఇంకొకటి, మాటలు మోతలో మునిగిపోయాయంది. నేను సమీక్షలు రాసే మాసపత్రికవారు నా అభిప్రాయం అడిగారు. రెండుసార్లు విన్నా తేల్చుకోలేకపోయాను. మొదటి పాట పాశమైలారం లక్ష్మమ్మది. సమ్మె రోజుల్లో ఫ్యాక్టరీ గేటు ముందు కట్టింది. తనకు నచ్చకపోతే ఇక ఎక్కడా పాడకూడదన్న షరతు మీదే బ్యాండుకు ఇచ్చింది. పత్రికలు చూశాక ఆమెకు వినిపించే ధైర్యం బ్యాండు గాయకుడు రవికి చాలలేదు. తోడు వస్తానన్నాను.

బస్సులో పక్కనున్నామె సంచిలోకి తొంగి చూసింది. "రేడియోనా పెద్దమ్మా? జెర పెట్టరాదు." పెట్టాను. ఒక చరణం విని, "మా మరిది పెండ్లిల గూడ గింత జోరు లేకుండె" అంది. మెచ్చుకోలో కాదో అడిగేలోపు రుద్రారం వచ్చింది, దిగిపోయింది.

ఎనిమిదింబావుకు ఇస్నాపూర్. రవి నాకంటే ముందే వచ్చాడు. పాశమైలారానికి షేర్ ఆటో మూడు రూపాయలు. నిండేదాకా కదలదు, వెళ్లేవారు ఆ ఆలస్యాన్నీ లెక్కలో వేసుకోవాలి.

లక్ష్మమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చేట ఒళ్లో పెట్టుకుని పాటంతా విన్నది. రవి తలెత్తలేదు.

"మోత మంచిగనే ఉంది బిడ్డా. గేటుకాడ మాది గింతకన్న ఎక్కువుండె. గని గీ మాటలేంది, పాతయే పాడినవ్?"

"నువ్వు పాడినట్టే పెద్దమ్మా. ఒక్క ముక్క మార్చలే."

"గదే తప్పు! ఆ కంపెనీ మూతబడి యాడాదాయె. ఎవల్ని తిడుతున్నవ్, తాళంకప్పనా?"

ఆమె నవ్వాకే మేమూ నవ్వాం. చివరి చరణం ఏ గేటు ముందు పాడితే ఆ గేటు బాధతో అప్పటికప్పుడు కట్టుకోవాలట. ఈ సంగతి తెలియక రవి తాను విన్నదాన్నే భక్తిగా రికార్డు చేశాడు. పత్రికలకు పాటను మార్చారని కోపం, లక్ష్మమ్మకు మార్చలేదని.

"మరి పాడొద్దా?" అడిగాడు రవి.

"పాడు. యాడికి పోతే అక్కడోళ్లను అడిగి కట్టు. ఇక్కడైతే కంపెనీల మురికి కలిసిన బోరు నీళ్ల మీద కట్టాలె. చాయ్ పెడత, తాగి సూడు, గవే నీళ్లు!"

ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు. ఒకరి మాట ఒకరు కొట్టేస్తూ పన్నెండింటికి చరణం కుదిర్చారు. జొన్నరొట్టె, పప్పు తిని లేచాం.

ఇస్నాపూర్‌లో రవి హైదరాబాదు బస్సెక్కాడు. కిటికీలోంచి కొత్త చరణం పాడుతూనే ఉన్నాడు, కండక్టరు టికెట్టు అడిగినా వినిపించుకోకుండా. నేను ఒకటిన్నరకు సంగారెడ్డి బస్సు పట్టుకున్నాను. కూర్చోవడానికి చోటు దొరికింది, మనసూ తేలికపడింది. ఇల్లు చేరేలోపు సమీక్ష కుదిరింది. గిటార్లు ఉండాల్సిందే. ఒక్క సవరణ కోరాను: ఈసారి క్యాసెట్టు వేసేటప్పుడు ఆ పాట తర్వాత కొంచెం టేపు ఖాళీగా వదలండి, కొన్నవారి చరణానికి.