ఆవంలో నా వాటా

ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడి ఇంటికి ఫోన్ చేసే ఆ రోజుల్లో గొప్పలు చెప్పుకోవడం ఎంత సులువో ఇప్పటి పిల్లలకి తెలీదు. ఫొటో పంపమనేవాళ్లు లేరు, వీడియోలో చూపించమనేవాళ్లు లేరు. రెండు నిమిషాల్లో ఎంత చెప్పుకోగలిగితే అంత మనది. రాజమండ్రిలో ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగమొచ్చి, లేడీస్ హాస్టల్లో దిగిన కొత్తల్లో నేనూ అలాంటిదొకటి వదిలాను. "అమ్మా, ఇక్కడ పోటరీ స్టూడియోలో చేరానే" అని. (చేరలేదు. అసలు అలాంటిది ఊళ్లో ఉందో లేదో కూడా అప్పటికి తెలీదు.)

ఈ మట్టి పిచ్చి నాకెలా పట్టిందో చెప్పాలి. మాది జంగారెడ్డిగూడెం. నాన్నగారికి బజార్లో స్టీలు సామాన్ల కొట్టు. జనం మట్టికుండలు మానేసి మా కొట్లో బిందెలు కొంటే, ఆ డబ్బుతో నేను డిగ్రీ చదివాను. డిగ్రీ అయిన వేసవిలో హైదరాబాదులో పిన్నింటికి వెళ్తే పక్క వీధిలోనే పోటరీ స్టూడియో కనిపించింది. నలుగురైదుగురు కలిసి వాడుకునే గది, స్విచ్ వేస్తే తిరిగే కరెంటు చక్రం. మూడు వారాల కోర్సు. మూడో వారంలో ఒక గిన్నె చేశాను, సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు. అంతే, కళ్లు నెత్తికెక్కాయి. రాజమండ్రికి వచ్చేటప్పుడు పెట్టెలో డిగ్రీ సర్టిఫికెట్టు అడుగున, అది పైన.

ఇక్కడ అలాంటి చోటు కోసం వెతకడం మొదలెట్టాను. మా హెడ్ క్లర్కు గారు "కుండ కావాలంటే కొనుక్కోవాలి గానీ చేసుకోవడం ఏంటమ్మా?" అన్నారు. హాస్టల్ ఆంటీ అయితే "మట్టి కాళ్లతో లోపలికొచ్చావంటే ఊరుకోను" అని ముందే చెప్పేసింది. మూడు ఆదివారాలు ఊరంతా తిరిగాను. నాలుగో ఆదివారం కోరుకొండ గుడికి ఆటోలో వెళ్తుంటే రోడ్డు పక్కన తాటాకు పాక, దాని వెనక పొగ, ఎండలో వరసగా బోర్లించిన కుండలు కనిపించాయి. "ఆపండి ఆపండి" అని అరిచిన అరుపుకి ఆటో అతను హడలిపోయాడు. నరసింహస్వామి దర్శనం ఆ వారానికి వాయిదా పడింది.

మూడిళ్లవాళ్లు కలిసి వాడుకునే పాక అది. వాళ్లు కుండలు కాల్చే బట్టీ, అంటే ఆవం, మూడిళ్లకీ ఒక్కటే. పెద్దదిక్కు మామ్మగారు. నేను సర్టిఫికెట్టు తీసి చూపించి, "నాకు వచ్చండి, నన్నూ చేసుకోనిస్తారా?" అని అడిగాను. (అవును, గుడికి కూడా అది పట్టుకెళ్లాను. నవ్వుకోండి.) ఆవిడ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి "చాలా బాగుందండి మేడంగారూ" అని జాగ్రత్తగా మడిచి ఇచ్చేసింది.

అక్కడి సారెకి, అంటే కుమ్మరి చక్రానికి, స్విచ్ లేదు. కర్ర పెట్టి గిరగిరా తిప్పి, అది తిరుగుతుండగానే గొంతుక్కూర్చుని పని కానివ్వాలి. నేను తిప్పి, చీర సర్దుకుని, కూర్చునేసరికి అది ఆగిపోయేది. మామ్మగారి కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. "మేడంగారికి నడుం నొప్పెడుతుంది, కుర్చీ వెయ్యండర్రా" అనేది మామ్మగారు. నెలన్నర పాటు ప్రతి ఆదివారం ఇదే వరస. కుర్చీ, టీ, మర్యాద. తలుచుకుంటే ఏడుపొచ్చేది. నాక్కావలసింది మర్యాద కాదు, ఆ పాకలో కాస్త చోటు. ఒకసారి ధైర్యం చేసి "నేను చేసింది కూడా ఆవంలో పెడతారా?" అని అడిగితే, "ఆవంలో వాటా ఉన్నోళ్లవే పెడతామండి, మరోలా అనుకోకండి" అనేసింది మామ్మగారు.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్లో బాంబు పేల్చింది. "ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నా. నీ స్టూడియో చూడాలి." శనివారం ఒంటిపూట ఆఫీసు కాగానే పాకకి పరిగెత్తాను. కార్తీకమాసం దగ్గర పడుతోందని ఆవం నింపుతున్నారు. అడుగున ఆ మూడిళ్లలోనే ఎదురింటి బాబాయిగారి నీళ్ల కుండలు, పైన మామ్మగారి ప్రమిదలు, బుట్టలకొద్దీ. మూడ్రోజుల ముందు సెలవు పెట్టి మరీ నేను చేసిన పూలకూజా ఓ మూల ఆరుతోంది. కోడలు దాన్ని వేలితో నొక్కి, "పచ్చిగా ఉందండి, ఇంకో వారం ఆరాలి, లేకపోతే ఆవంలో పేలిపోద్ది" అంది. విన్నాను. తలూపాను. వాళ్లంతా గడ్డి మోపులకి వెళ్లగానే కూజాని తీసుకెళ్లి కుండల మధ్యన దూర్చేశాను.

మొత్తం కప్పి, మట్టి మెత్తి నిప్పంటించారు. సాయంత్రం నేను హాస్టల్‌కి బయల్దేరుతుండగా లోపల్నించి 'ఢబ్' మని చప్పుడు. బాబాయిగారు చేతిలో బీడీ పారేసి ఆవం వైపు చూశారు. నేను మాత్రం ఆటో వైపు చూశాను.

పొద్దున్నే అమ్మని బస్టాండు నుంచి తిన్నగా పాకకే తీసుకెళ్లాల్సొచ్చింది. ముందు స్టూడియోనే చూడాలని పట్టుబట్టింది. మేం వెళ్లేసరికి ఆవం తెరుస్తున్నారు. పైన పెంకులు తీస్తుంటే ఒక్కొక్కటీ బయటపడుతోంది. ప్రమిదలు సగానికి సగం ముక్కలు. కుండలు నాలుగు పగిలాయి. మామ్మగారు నుజ్జులోంచి ఒక పెంకు ఏరి, ఇటుకంత మందాన ఉన్న దాన్ని అందరికీ చూపించింది. "ఇంత మందంగా మా ఇళ్లల్లో ఎవరూ చెయ్యరు" అంది. అందరూ నా వైపు తిరిగారు. తల కొట్టేసినట్టయింది.

"నేనేనండి," అన్నాను. "పచ్చిదని చెప్పినా వినకుండా పెట్టేశాను. అమ్మకి చూపించాలని." అనేసి భోరున ఏడ్చేశాను. ఇక ఈ గడప తొక్కనివ్వరని ఖాయం చేసుకున్నాను.

అమ్మ వ్యాపారస్తుల ఇంటి మనిషి కదా, వెంటనే లెక్క తేల్చేసింది. "తప్పు మాదే మామ్మగారూ. మా కొట్టు నుంచి రెండు డజన్ల స్టీలు చెంబులు పంపిస్తాం." అంత పొద్దున్నే, అంత నష్టం ముందు నిలబడి, కుమ్మరివాళ్లకి స్టీలు చెంబులు! ఆ నిమిషంలో భూమి చీలితే అమ్మని కూడా లాక్కుని దూరిపోయేదాన్ని.

మామ్మగారు అమ్మని ఎగాదిగా చూసింది. "బయటోళ్లు పగలగొడితే బదులు పుచ్చుకుంటామమ్మా. ఆవంలో పెట్టుకున్నోళ్లు పగలగొడితే కూర్చుని మళ్లీ చేసిపెడతారు. మా మూడిళ్లలో ఎప్పట్నుంచో అదే కట్టుబాటు." తర్వాత నా వైపు తిరిగి గట్టిగా కసిరింది. "ఏవే పిల్లా, ఏడుపాపు. రేపట్నుంచి ఆఫీసవ్వగానే రా. ప్రమిదలన్నీ నువ్వే చెయ్యాలి. కుండలు నీ వల్ల కాదు గానీ, బాబాయికి మన్ను తొక్కిపెట్టు."

మేడంగారు పోయింది. కుర్చీ పోయింది. ఆవేళ ఎవరూ నాకు టీ ఇవ్వలేదు సరికదా, పెట్టమని గిన్నె నా చేతికే ఇచ్చారు. ప్రాణం లేచొచ్చింది. అమ్మకి మొదటి గ్లాసు నేనే అందించాను, ఇంకా ముక్కు ఎగబీలుస్తూనే.

పదిహేను రోజులు మోకాళ్లదాకా మన్ను తొక్కాను, వేళ్లు ఒరుసుకుపోయేలా ప్రమిదలు చేశాను. (హాస్టల్ ఆంటీ బయట కుళాయి దగ్గరే నా కాళ్లు కడిగించేది.) ఒక్కటీ తిన్నగా రాలేదు. అన్నీ ఎడం పక్కకి ఒరిగేవి. కోడలు వాటిని పట్టుకుని "ఇవి నిద్రపోతున్నాయేంటే?" అని ఆటపట్టించేది. అయినా అవి ఆవంలోకి వెళ్లాయి, ఒక్కటీ పేలకుండా బయటికొచ్చాయి. కార్తీక సోమవారం తెల్లవారుజామున పుష్కరాల రేవు మెట్ల మీద ఎవరో ముత్తయిదువ వెలిగించిన వరసలో ఎడం పక్కకి ఒరిగిన ప్రమిద ఒకటి కనిపించింది. చలిలో వణుకుతూ కూడా అక్కణ్నించి కదల్లేదు నేను. ఆ గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

సర్టిఫికెట్టు ఎప్పుడో చెదలు తినేసింది. అమ్మ మాత్రం ఆ తర్వాత మళ్లీ వచ్చినప్పుడు అడిగి తీసుకెళ్లిన ఒంకర ప్రమిదని కొట్లో గల్లాపెట్టె పక్కనే పెట్టింది. చుట్టూ తళతళలాడే స్టీలు, మధ్యలో అది. ఎవరైనా అడిగితే స్టూడియో అన్న మాట ఎత్తేదే కాదు. "మా అమ్మాయికి రాజమండ్రిలో ఆవంలో వాటా ఉందండి" అనేది, బిందె అంచు తుడుస్తూ.