తాళాలను తిట్టే యాకయ్య

యాకయ్య మామ తాళం తీసే ముందు దాన్ని తిట్టేవాడు. వరంగల్‌లో తాళాలు బాగుచేసేవాళ్లు ఇంకా నలుగురైదుగురు ఉండేవారు గానీ, తాళానికి చీవాట్లు పెట్టేవాడు ఈయనొక్కడే. అదీ చాటుగా కాదు. వీధంతా పోగయ్యేలా, గొంతు చించుకుని, దాన్ని పోతపోసినవాడి ఏడు తరాలనూ కలిపి. మధ్యమధ్యలో తాళం రంధ్రానికి చెవి ఆనించి, అది జవాబేదో చెప్పినట్టు, "ఇంక ఎదురు మాట్లాడుతానవా?" అని గదిమేవాడు.

డెబ్బై ఆరులో అనుకుంటాను, బియ్యం వ్యాపారి లక్ష్మీనారాయణ సేటు తాళంచెవి లోపలే వదిలేసి కొత్త అంబాసిడర్ కారు తలుపు వేసేశాడు. అదీ వియ్యంకుల ముందు. బజారంతా నవ్వుతోంది. యాకయ్య వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపును నిలదీశాడు.

"కొత్త బండివని గింత పొగరా? సేటు దిగంగనే నీ అంతట నువ్వే మూసుకుంటవా?"

నవ్వేవాళ్లంతా తలుపు వైపు తిరిగారు. యాకయ్య సన్నటి ఇనుప బద్దను అద్దం పక్కనుంచి దూర్చి గడియ లేపేలోపు వియ్యంకుడు కూడా ఆ తలుపును నాలుగు మాటలన్నాడు. సేటు మాత్రం పెద్దమనసుతో, పోనీలే, కొత్తది కదా అని దాన్ని క్షమించేశాడు.

మాకు ఇదంతా వినోదం. నా వంతు వచ్చేదాకా.

డెబ్బై తొమ్మిదిలో నేను కొత్తవాడలో జంపఖానాల సంఘానికి టెంపరరీ గుమాస్తాను. మరునాడు కమిటీ కూర్చుని నా ఉద్యోగం పర్మనెంటు చేయాలి. ఆ పొద్దున లారీ వచ్చి నిలబడింది. పదకొండింటికల్లా సరుకు కాజీపేట స్టేషన్లో ఉండకపోతే ఢిల్లీ ఆర్డరు పోయినట్టే. ఆ హడావుడిలో నేను గోదాం తాళంలో నా సైకిలు తాళంచెవి దూర్చి, తిరగకపోతే, బలంకొద్దీ తిప్పాను. అది విరిగి సగం లోపల ఉండిపోయింది. మిగతా సగం జేబులో దాచాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

సంఘం ప్రెసిడెంటు సారంగపాణి తాళాన్ని చూసి, నన్ను చూశాడు.

"ఇస్సాకూ, ఇది నీ చేతుల పాడైందని తేలితే, రేపు కమిటీకి నువ్వు రావుడు అక్కర్లేదు."

కబురందుకుని యాకయ్య వచ్చాడు. రంధ్రంలోకి తొంగిచూశాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. రెండుచోట్లా ఒకటే కనబడినట్టుంది.

ఇక అందుకున్నాడు. ఆ తాళం ఉత్త పనిదొంగట. వానకు తడిసి, తుప్పు పట్టి, నేతగాళ్ల కష్టాన్ని లోపల పెట్టుకుని బెట్టు చేస్తోందట. జనం మగ్గాలు దిగి వచ్చి నిలబడ్డారు. తిట్లు సరిగ్గా వినబడటం లేదని డ్రైవరు లారీ ఇంజను ఆపేశాడు. కాసేపటికి సారంగపాణి కూడా ఆవేశపడి, ఆ తాళం మీద తనకు మొదటినుంచీ అనుమానమేనన్నాడు. ఆ జోరులో యాకయ్య చిన్న పట్టకారుతో ఏదో లాగి పిడికిట్లో మూసేయడం నేనొక్కణ్ణే చూశాను. ఆ తర్వాత నా దగ్గరున్న అసలు తాళంచెవి అడిగి తీసుకుని తిప్పాడు. టక్కున ఊడింది.

"చూసిండ్రా, తిట్టేసరికి ఎట్ల దారికొచ్చిందో" అన్నాడు.

చప్పట్లు మోగాయి. సరుకు ఎక్కించడానికి వచ్చినవాళ్లంతా తలో చెయ్యీ వేశారు. లారీ పదకొండుకు పది నిమిషాల ముందే కాజీపేట చేరింది. మరునాడు కమిటీ నన్ను ఉద్యోగంలో ఖాయం చేసి, తాళాన్ని ఉద్యోగంలోంచి తీసేసింది.

కమిటీ అయిన సాయంత్రం సైకిలు వెనక చక్రం ఎత్తి పట్టుకుని, రాజులా నడుచుకుంటూ యాకయ్య కొట్టుకు పోయాను. నేను నోరు తెరవకముందే విరిగిన ముక్క నా చేతిలో పెట్టి, సైకిలు తాళం ముందు కూర్చున్నాడు. అరనిమిషంలో తీసేశాడు. దాన్ని మాత్రం ఒక్క మాటా అనలేదు.

"దీన్ని తిట్టవా మామా?" అన్నాను.

"ఎందుకు బిడ్డా? ఈడ నిన్ను చూసి నవ్వేటోడు ఎవడున్నడు?"