గంటకు బాధ్యులెవరు?

మా ట్రాన్స్‌పోర్టు ఓనరుగారు ఢిల్లీలో ఏదో సదస్సుకు వెళ్లొచ్చాక మా ఎల్బీ నగర్ ఆఫీసుకు కష్టాలు మొదలయ్యాయి. సరుకు రైలెక్కినా, లారీ ఎక్కినా, ఆటో ఎక్కినా రసీదు మాత్రం ఒక్కటే ఉండాలని కొత్త పాలసీ. చేతులు మారిన ప్రతిచోటా ఆ రసీదు వెనక వాహనం నంబరు, బాధ్యుడి సంతకం ఉండాలి. సంతకం లేనిదే సరుకు కదలకూడదు. బుకింగ్ గుమాస్తాగా నాకు ఆ రూలు తెగ నచ్చింది. అప్పటిదాకా నా మాట లెక్కచేయని డ్రైవర్లు నా పెన్ను కోసం నిలబడతారంటే ఎవరికి చేదు?

ఆ పాలసీ కింద వచ్చిన మొదటి సరుకు ఒక చర్చి గంట. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లే దారిలో, మా ఆఫీసుకు కిలోమీటరు దూరంలో, నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు చిన్న చర్చి కట్టుకున్నారు. ఇళ్లలోని ఇత్తడి చెంబులు, బిందెలు ఇచ్చి కోస్తాలో గంట పోత పోయించారు. ఆదివారం పదింటికి ప్రతిష్ఠ. "మా అమ్మ బిందె గూడ అండ్లనే ఉన్నది బిడ్డా, జర పైలం," అని పాస్టరు అయ్యగారు నా చేతులు పట్టుకున్నారు. నేను మాటిచ్చేశాను.

తెలంగాణ ఉద్యమం రోజులవి. మాటిచ్చే ముందు పేపరు చూసుకోవాలన్న ఇంగితం నాకు లేకపోయింది. ఆదివారం బంద్. గంట నల్లగొండ దాకా రైల్లో, పెద్ద అంబర్‌పేట్ దాకా లారీలో ముందురోజే వచ్చింది. బంద్ పొద్దున సందుల్లో పడి ట్రాలీ ఆటోలో మా చౌరస్తా చేరింది. అన్ని సంతకాలూ సక్రమం.

మా ఆఫీసు ముందే, చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఉద్యమం వాళ్ల వంటావార్పు. ఆటో ఆగిపోయింది. గరిటె పట్టుకున్న సారొకాయన, పక్క బడిలో టీచరు, "బండి పోదు తమ్మీ," అన్నారు. నేను గంట కథంతా చెప్పాను. ఆయన గరిటె పక్కన పెట్టారు.

"బండే గద పోవద్దు. గంటెందుకు పోవద్దు? మేం మోస్తం."

అక్కడితో దండం పెట్టి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? రసీదు తిప్పి, "బాధ్యులెవరో సంతకం పెట్టుండ్రి. లేకుంటే గంట దిగదు," అన్నాను.

"ఏంది, మోస్తమంటె గూడ సంతకమా?" అని నవ్వి సారు పెట్టారు. గంటను వేలాడదీసి మోయడానికి వాసం తెచ్చి పట్టుకున్నవాళ్లూ పెట్టారు. ఆ రోజుల్లో చౌరస్తాలో ఎవరు సంతకాలు తీసుకుంటున్నా అది ఢిల్లీకి పోయే అర్జీ అనే జనం నమ్మకం. పప్పుకు పోపు పెడుతున్న ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "రాష్ట్రం కోసమే గదా?"

"గంట కోసం."

"ఏదైతేంది, ఇటియ్యి."

నేను పెన్ను లాక్కునేలోపు వరస కట్టేశారు. వాహనం నంబరు గడిలో అందరూ జై తెలంగాణ అని రాశారు.

వాసానికి వేలాడుతూ, ఊగినప్పుడల్లా ఖంగుమంటూ గంట పదికి ఐదు నిమిషాల ముందు చర్చి చేరింది. ఓ చివర నేనూ భుజం పెట్టాను. అయ్యగారు దాని మీద చేయి వేసి ఏడ్చేశారు. నేను మాత్రం రసీదు చాచాను. ఆయన ఇటు తిప్పి, అటు తిప్పి, "నాకు జాగేది బిడ్డా?" అన్నారు. నిజమే. సరుకు అందుకున్నవారి గడిలో పోపు ఆవిడ సంతకం, పక్కన పసుపు మరక. రూలు ప్రకారం గంట ఇవ్వకూడదు. "గంటకు తాడు కట్టుండ్రి," అన్నాను.

మర్నాడూ బంద్. సాయంత్రం విజయవాడ నుంచి ఓనరుగారి ఫోను. నేను పంపిన రసీదు ఫ్యాక్సులో చూశారట.

"ఏమయ్యా, ఇంతమందిలో బాధ్యుడెవరనుకోవాలి? అసలు గంట చేరిందనడానికి రుజువేంటి?"

గడియారం చూశాను. ఆరు కావస్తోంది, చర్చిలో ప్రార్థన వేళ. "ఒక్క నిమిషం సార్," అని ఫోను తీగ సాగినంత మేర లాగి, రిసీవరు కిటికీ బయట పెట్టాను. మామూలు రోజైతే బస్సుల మోతకు మన మాట మనకే వినపడని చౌరస్తా అది. ఆ రోజు రోడ్డంతా ఖాళీ. అయ్యగారి అమ్మ బిందె, ఇంటింటి చెంబులు కలిసి కిలోమీటరు దూరం నుంచి మోగాయి.

రిసీవరు మళ్లీ చెవికి పెట్టుకున్నాను. "సరేలేవయ్యా, చేరినట్టు రాసుకో," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "రేపు కూడా కొడతారా?"

"కొడతరు సార్. బంద్ ఉంటెనే ఇనపడతది."