రోజుకు మూడు మూరలు

అరవైల్లో మాట. హిందూపురం నుంచి కాలేజీకి పోతూ రైల్లో స్టాటిస్టిక్స్‌లో సగటు పాఠం పైకి చదువుకుంటున్నాను. పెనుకొండ దాటినాక ఎదురుగా కూర్చున్న ధర్మవరం నేతగాడు అడిగినాడు.

“సగటంటే ఏమప్పా?”

“రోజుకు మీ ఇంట్లో ఎన్ని మూరలు నేస్తారు పెద్దాయనా?”

“నేను రెండు, నా కొడుకు నాలుగు.”

“మొత్తం ఆరు. ఇద్దరితో భాగిస్తే మూడు. అదే సగటు,” అన్నాను గొప్పగా.

ఆయన వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు.

“జొరమొచ్చి వాడు పోయి నెలాయెనప్పా. ఇప్పుడు నావి రెండే. ఒకరితో భాగించాల్నా, ఇద్దరితోనా?”

పుస్తకం పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పినాను.

ధర్మవరంలో దిగుతా ఆయనే చెప్పినాడు.

“ఇద్దరితోనే భాగించు నాయనా. వాడు కాళ్లు దించి నేసిన మగ్గం గుంత ఇంకా పూడ్చలేదు.”

రెండును రెండుతో భాగించి, ఒకటని రాసుకున్నాను.