మూడు బిల్డింగుల ప్రాసిక్యూటర్

శశికళ తెనాలి కోర్టులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా ఉన్న రోజుల్లో, ఆవిడ వాదనకు లేచిందంటే ఎదుటి వకీళ్లు ముందుగా ఓ గుక్క మంచినీళ్లు తాగేవారు. తర్వాత భర్త గోపాల్ ఉద్యోగం వెంట న్యూజెర్సీలోని పార్సిప్పనీ వచ్చేసింది. నల్లకోటు సూట్‌కేసు అడుక్కి పోయింది. కేసు గెలిచిన ప్రతిసారీ ఇంట్లో వండుకునే పరమాన్నం కూడా దాంతోపాటే ఆగిపోయింది. గోపాల్ ఎప్పుడైనా గుర్తుచేస్తే, "ఇక్కడ నేనేం గెలిచానని?" అనేది. చివరికి నలభై దాటాక తెగించి లా స్కూల్లో మాస్టర్స్‌కి చేరింది.

థీసిస్‌కి ఎంచుకున్న విషయమేమో కొరకరాని కొయ్య. యూరప్ దేశాలు కలిసి ఒక ఉమ్మడి నిధి పెట్టుకున్నాయి. దాన్ని ఎవడైనా దిగమింగి సరిహద్దు దాటేస్తే, ఈ దేశపు ప్రాసిక్యూటర్ 'నా పరిధి కాదు' అంటాడు, ఆ దేశపాయన 'నాకేం సంబంధం' అంటాడు. అందుకని దేశాలకు పైన ఒకే ప్రాసిక్యూటర్ ఆఫీసు పెట్టారు. కొన్ని దేశాలు అందులో చేరనే లేదు. చేరినవి కూడా విచారణ మాత్రం మా కోర్టుల్లోనే జరగాలన్నాయి. శుక్రవారం దీని మీదే నోటిపరీక్ష. అది గట్టెక్కితేనే డిగ్రీ.

ముందు వారం రిహార్సల్లో ప్రొఫెసరమ్మ ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "అందరి ఇళ్లూ సోదా చేసే ఈ ప్రాసిక్యూటర్ ఇంటిని ఎవరు సోదా చెయ్యాలి?"

పదవిలోంచి తొలగించే అధికారం యూరప్ ఉమ్మడి కోర్టుకి ఉందని శశికళ గడగడా అప్పజెప్పింది. "అది నాకూ తెలుసు. నువ్వేమనుకుంటున్నావు?" అంది ప్రొఫెసరమ్మ. అంతే, తెనాలిని గడగడలాడించిన మనిషి నీళ్లు నమిలింది!

ఆ దిగులుతో ఉండగానే మంగళవారం వాళ్ల అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో రభస. మూడు బిల్డింగుల తెలుగువాళ్లు కలిసి కొనుక్కున్న పెద్ద గుండిగ, క్లబ్‌హౌస్ అల్మరాలో అడుగంతా మాడి కనిపించింది. పాలూ బెల్లమూ కలిసి మాడిన కంపు. ఆదివారమేమో ఉగాది పాట్‌లక్, అంటే తలా ఓ వంట తెచ్చుకునే విందు! ప్రతి బిల్డింగూ తనవాళ్లని తనే విచారించుకుని, మావాళ్లు బంగారమని తేల్చేసింది.

"ఇలాగైతే తేలదు. శశికళమ్మా, నువ్వు ప్రాసిక్యూటర్‌వి కదా, మూడింటికీ కలిపి నువ్వే ఎంక్వయిరీ చెయ్యి," అన్నారు బి బిల్డింగు పెద్దాయన బ్రహ్మయ్య.

సి బిల్డింగు రాధారాణిది వరంగల్. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏందమ్మా, మా ఇండ్లల్ల నువ్వెట్ల జొర్రుతవ్? సరే, అందరి ఇండ్లు నువ్వు చూస్తవ్. మరి నీ ఇల్లెవరు చూడాలె?"

"మా ఇంట్లో ఏముంటుందండీ, నేనే ఉన్నాగా!" అని నవ్వేసింది శశికళ.

పాలు అంతలా మాడితే పొగ అలారం బిల్డింగు అదిరేలా మోగాలి. ఎక్కడా మోగలేదు. అంటే ఎవరో దానికి పొగ తగలకుండా షవర్ క్యాప్, అదే స్నానానికి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ, తొడిగి ఉంటారు. శశికళ ఇంటింటికీ వెళ్లి సీలింగు చూసింది. అయ్యో రామా, ఏ ఇంట్లో చూసినా టోపీయే! పోపు పెడితే మోగుతుందని భయం మరి. బ్రహ్మయ్య గారింట్లో పువ్వుల టోపీ ఉంది. "మా ఇంట్ల అసొంటియి లెవ్వు," అన్న రాధారాణి ఇంట్లో రెండున్నాయి. అయితే అన్నీ శుభ్రంగానే ఉన్నాయి.

గురువారం సాయంత్రం తల ప్రాణం తోకకొచ్చి, సొంత సోఫాలో కూలబడి తల వెనక్కి వాల్చింది. పైన తమ అలారానికీ పసుపు టోపీ ఉంది. దాని మీద డికాక్షన్ రంగులో పొగ మరక. సోమవారం తను లైబ్రరీ నుంచి వచ్చేసరికి ఇల్లంతా అగరొత్తుల గుబాళింపు! ఈయనకింత భక్తి ఎప్పుడొచ్చిందా అని మురిసిపోయింది కూడానూ. ఆ గుబాళింపు ఏ కంపుని కప్పిందో ఇప్పుడర్థమైంది.

"ఏవండీ!"

గోపాల్ తల దించుకుని వచ్చాడు. "చెప్పేద్దామనే అనుకున్నా శశీ. నువ్వు కేస్ టేకప్ చేశాక భయమేసింది."

"ఇంట్లో గిన్నెల్లేవా? గుండిగెందుకండీ?"

"నువ్వు పాసైతే ఆదివారం అందరికీ పరమాన్నం నేనే వండి పెడదామనుకున్నా. ముందు ప్రాక్టీస్ చేద్దామని పెట్టాను. ఇంతలో ఆఫీస్ కాల్ వచ్చింది."

రేపు అందరికీ ఏం చెప్పాలా అని శశికళ ఆలోచించింది. 'ఆధారాలు దొరకలేదు' అనేస్తే సరిపోతుంది. తన ఇంటి సీలింగు చూసే హక్కు ఎవరికీ లేదాయె! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినందుకే ఆవిడకి తన మీద తనకే భయమేసింది. కుర్చీ ఎక్కి టోపీ ఊడబీకి, నేరుగా సి బిల్డింగుకి నడిచింది.

"రాధారాణి గారూ, ఈ కేసు ఇకమీదట మీది. ముద్దాయి మా ఆయన."

రాధారాణి టోపీ చూసి, శశికళ ముఖం చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక తీర్పు చెప్పింది. "చింతపండు వెట్టి మెరిసేదాంక తోమాలె. ఆదివారం పరమాన్నం గూడ ఆయనే వండాలె, నేను పక్కన నిలవడ్త. ఇగ అందరి ఇండ్లల్ల ఆ టోపీలు తీసెయ్యాలె. నా ఇంట్ల గూడ."

శుక్రవారం ప్రొఫెసరమ్మ మళ్లీ అదే ప్రశ్న వేసింది. ఈసారి శశికళ తడబడలేదు.

"ప్రాసిక్యూటర్ మంచివాడని నమ్మి ఊరుకోకూడదు మేడమ్. నేను మంచిదాన్నే. అయినా నిన్న సాయంత్రం ఒక కేసు మూసేద్దామనుకున్నాను. అందుకని అసలు ఆ పదవే ఉండొద్దన్నవాళ్లని వెతికి, ప్రాసిక్యూటర్ ఇంటి తాళంచెవి వాళ్ల చేతికివ్వాలి," అని గుండిగ కథంతా చెప్పింది. ప్రొఫెసరమ్మ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, లేచి చెయ్యి కలిపింది.

పార్కింగ్‌లో గోపాల్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తోమీ తోమీ వేళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఏమైంది శశీ?"

"పాసయ్యాను. మీ కేసునే ఉదాహరణగా కోట్ చేశానండీ!"

"నా పేరు చెప్పావా?"

"ముద్దాయి అని మాత్రమే చెప్పాను. పదండి, బెల్లం కొందాం. ఈసారి వండేటప్పుడు మీ ఫోన్ నా దగ్గరుంటుంది."

"కుదరదు," అన్నాడు గోపాల్ కారు తలుపు తీస్తూ. "రాధారాణి గారి దగ్గరుండాలి."