నెత్తళ్ళే కదా అని తీసేశా

నిన్న పావుగంట సేపు నాకు ఉద్యోగం లేదు. మళ్ళీ వచ్చింది లెండి, కంగారు పడకండి. టీ తాగుతూ వినండి.

మాది పోర్టు దగ్గర కంటైనర్ల ఆఫీసు, నాది అక్కడి కంప్యూటర్లలో డేటా దాచే స్టోరేజ్ పని. డిస్కులన్నీ కలిపి ఒక పూల్ చేస్తాం. అందులోంచి ఏ సెక్షన్‌కి కావలసినంత చోటు ఆ సెక్షన్‌కి ఒక వాల్యూమ్‌గా కోసిస్తాం. జాలరిపేటలో మా అమ్మ కోనాం చేపని ముక్కలు కోసిచ్చినట్టే! సిస్టమ్ పెట్టే పేర్లన్నీ అంకెలే, తల తిరుగుతుంది. అందుకని నేనే చేపల పేర్లు పెట్టుకున్నా. పెద్దదానికి కోనాం, బుల్లిదానికి నెత్తళ్ళు. ఎంత తెలివో!

నిన్న పొద్దున్నే పూల్ నిండిపోతోందని వార్నింగ్. మేనేజర్ గారు సీతమ్మధార నుంచి ఫోన్ చేసి, "పనికిరానివి తీసెయ్. చూసి తియ్యి బాబూ" అన్నారు. లిస్టులో నెత్తళ్ళు కనపడింది. గుప్పెడు నెత్తళ్ళే కదా, పోనీ అని డిలీట్ కొట్టా. ఇది వాడుకలో ఉంది, అయినా తీసెయ్యాలా అని సిస్టమ్ అడిగింది. యెస్. ఖాయమేనా అని మళ్ళీ అడిగింది. ఒళ్ళు మండింది, నాకే నేర్పుతుందా! యెస్ కొట్టా. రేపటికి సగం పూల్ ఖాళీ అవుతుందని చూపించింది. గుప్పెడు నెత్తళ్ళు తీస్తే సగం పూల్ ఎలా ఖాళీ అవుతుందని ఒక్క క్షణం ఆలోచించానా? లేదు. ఆహా అనుకున్నా.

గేటు దగ్గరుండే అప్పలరాజు ఫోన్ చేశాడు.

"బావా, ఏటి సేత్తన్నావ్? కంటైనర్ నంబరు ఒక్కటీ రాట్లేదు. లారీలు ఆగిపోనాయి, డ్రైవర్లు నన్ను తిడతన్నారు!"

"నానేటీ సెయ్యలేదు బావా!" అంటూనే, తీసిన దాని సైజు చూశా.

అప్పుడు వెలిగింది. పేరు పెట్టినప్పుడు అది బుల్లిదే. చోటు చాలట్లేదని గేటు సెక్షన్ వాళ్ళు అడిగినప్పుడల్లా పెంచుకుంటూ పోయింది నేనే. సైజు పెంచా, పేరు మార్చలేదు. కంటైనర్ల వివరాలన్నీ అందులోనే ఉన్నాయి!

అదృష్టం బాగుండి, తీసినదాన్ని ఆ మెషీన్ ఒక రోజు దాచి ఉంచుతుంది. దాన్ని వెనక్కి తెచ్చి, సర్వర్‌కి తగిలించేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా నా ఉద్యోగం పోయినట్టే లెక్క. లారీలు కదిలాయి.

సాయంత్రం మేనేజర్ గారు అరవలేదు. అరిచినా బాగుండేది. ఒక కాగితం నా ముందు పెట్టారు.

"కొత్త రూలు. ఇకమీదట ఏ వాల్యూమ్ తీసినా ఇద్దరుండాలి. ఒకడివి నువ్వు."

"రెండోవాడు ఎవరండీ?"

"చూసేవాడు."

టక్కున సంతకం పెట్టేశా. ఆ కాగితం కూడా చదవకుండానే!