కాళ్ళు ముందుకు పెట్టి తోసే స్ట్రెచర్

2023 చలికాలంలో నా డ్యూటీ ఎమర్జెన్సీలో పడింది. టొరంటోకు ఉత్తరాన వాన్ పట్టణంలో, ప్రభుత్వ డబ్బుతో నడిచే ఒక ఆసుపత్రిలో నేను పోర్టర్‌ని. పోర్టర్ అంటే రోగుల్ని స్కానింగుకు, ఆపరేషన్ థియేటరుకు, వార్డుకు, ఒక్కోసారి శవాల గదికి చేర్చే మనిషి. హోదాలో మా పైన అందరూ ఉంటారు, మా కింద చక్రాలుంటాయి. నలభై దాటాక గాని నాకు అక్షరాలు రాలేదు. అప్పటికి పెద్ద మాటలకు భయపడే వయసూ, మోజుపడే వయసూ రెండూ దాటిపోయాయి.

ఆ ఏడు ఎటు చూసినా మన పిల్లలే. కాలేజీలకని వచ్చి, ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరేడుగురు సర్దుకుని, క్లాసు లేనప్పుడు గోడౌన్లలో పెట్టెలు మోసేవారు. వరంగల్ నుంచి వచ్చిన స్రవంతి మా ఆసుపత్రిలోనే పార్ట్‌టైం క్లీనింగు చేసేది.

అప్పుడే పక్క ఊరు మార్కమ్‌లో సుధాకర్ గారు ఒక మీటింగు పెట్టారు. ఆయన హైదరాబాద్ నుంచి అమెరికా మీదుగా వచ్చిన ఐటీ మేనేజరు. కన్సర్వేటివ్ రాజకీయాలంటే ప్రాణం. విషయం, వైద్య వ్యవస్థను బాగుచేయడం. ముందు వరుసలో ఆసుపత్రి మనిషి ఒకరుంటే నిండుగా ఉంటుందని నన్ను పిలిచారు. బిర్యానీ ఉందంటే స్రవంతి కూడా వచ్చింది.

ఆయన చెప్పిందాని సారం ఇది. ఇక్కడ ఆపరేషన్‌కు డబ్బు కట్టనక్కర్లేదు గాని నెలల తరబడి ఆగాలి. కనుక మోకాళ్ళు, కంటి శుక్లాలు, హెర్నియాలు ప్రైవేటు క్లినిక్కులకు అప్పగించి బిల్లు ప్రభుత్వం కట్టాలి. సొంత డబ్బు పెట్టి ముందు వెళ్తానన్నవాణ్ణి వెళ్ళనివ్వాలి. అప్పుడు అందరికీ లైను తగ్గుతుంది. మధ్యమధ్య "ఛాయిస్" అనే మాట వేశారు. వంటలో ఉప్పు వేసినట్టు కాదు, ఉప్పులో వంట వేసినట్టు.

"ఛాయిస్ లేని సిస్టమ్ సిస్టమే కాదండీ! పైగా ఈ స్టూడెంట్స్ వచ్చి ఎమర్జెన్సీ అంతా నింపేస్తున్నారు."

స్రవంతి ప్లేటు పక్కన పెట్టి లేచింది. "అంకుల్, మాకు గవర్నమెంట్ హెల్త్ కార్డే లేదు. ఉన్నది కాలేజీ ఇన్సూరెన్స్. జరమొస్తే ఇంటికెల్లి తెచ్చుకున్న గోలి ఏసుకొని పండుకుంటం. ఎమర్జెన్సీల మేం కనిపించేది ఫ్లోర్ తుడవనీకే."

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి, "భలే చెప్పావమ్మా" అని తరువాతి స్లైడుకు వెళ్ళిపోయారు.

కొన్ని వారాల తరువాత, ఒక ఉదయం సుధాకర్ గారు తన డ్రైవ్‌వేలో మంచు తోస్తూ కూలబడ్డారు. ఆయనకు గజ్జల్లో హెర్నియా ఉందట. పొట్ట గోడ బలహీనమైన చోట పేగు బయటికి పొడుచుకు వస్తుంది. ఆ రోజు వచ్చిన పేగు వెనక్కి పోకుండా అక్కడే బిగుసుకుపోయింది. అంబులెన్సు మా ఆసుపత్రికి తెచ్చింది.

ఎమర్జెన్సీలో ముందుగా ట్రయాజ్ నర్సు చూస్తుంది. ప్రమాదాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు వరకు ఒక నంబరిస్తుంది. ఒకటి అంటే ప్రాణం పోతున్నట్టు. ఎవరు ముందొచ్చారు, ఎవరి జేబు ఎంత బరువు అన్నది లెక్కలోకి రాదు. సుధాకర్ గారికి రెండు పడింది. గంటలుగా కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరినీ దాటి లోపలికి వెళ్ళారు. పేగుకు రక్తం ఆగిపోతోంది, కుళ్ళితే మనిషి దక్కడు, వెంటనే కోయాలన్నాడు సర్జన్. నా హ్యాండ్‌సెట్ మోగింది. ఎమర్జెన్సీ నుంచి థియేటరుకు, అర్జెంటు.

నేను వెళ్ళేసరికి నేలంతా వాంతి. తుడుస్తున్నది స్రవంతే.

"అంకుల్, అందర్ని దాటి ముందలికొచ్చిన్రట గదా. పైసలు కట్టకుండనే!"

అంత నొప్పిలోనూ ఆయన మొహం అటు తిప్పుకున్నారు.

స్ట్రెచర్‌ని ఎప్పుడూ కాళ్ళవైపు ముందుకు పెట్టి తోయాలి. పోర్టర్ తలవైపు ఉంటే రోగి మొహం కనిపెట్టుకుని ఉండవచ్చు, మలుపులో గోడ తగిలినా తలకు తగలదు. అది నిబంధన. మనవాళ్ళలో మాత్రం కాళ్ళు ముందుకు పెట్టి తీసుకుపోయేది శవాన్నే. కదలగానే తెలుగు రోగి ఎవరైనా ఉలిక్కిపడతాడు. సుధాకర్ గారు పక్కనున్న కడ్డీలు రెండు చేతులా పట్టుకున్నారు.

"ఆంటీ, కాళ్ళు ముందేంటి ఆంటీ? తిప్పండి! తలవైపు ముందు పెట్టండి, ప్లీజ్!"

"తిప్పుకుంట కూసుంటే లిఫ్టు పోతది బాబూ."

"నేను పేషెంట్‌ని కదా, నాకొద్దంటే వద్దే కదా!"

"ఈడ ఛాయిస్ లేదు. పండుకో."

పండుకున్నారు. లిఫ్టులో కళ్ళు మూసుకునే గొణిగారు. "ప్రైవేట్ క్లినిక్‌లో ఎప్పుడో అయిపోవాల్సింది ఆంటీ. వాళ్ళు రిజెక్ట్ చేశారు నన్ను."

"ఎందుకు?"

"వెయిటంట. షుగరంట. నిద్రలో ఊపిరాడటానికి మెషీన్ పెట్టుకుంటా కదా, అది రిస్కంట. ఐసీయూ ఉన్న హాస్పిటల్‌కి పొమ్మన్నారు."

మీటింగులో ఈ సంగతి ఏ స్లైడులోనూ లేదు. తేలిక కేసులు ఏరుకోవడం అక్కడి పద్ధతి, వాళ్ళ లైను పొట్టిగా ఉండటానికి కారణమూ అదే. అంటే ఛాయిస్ ఉన్నమాట నిజమే. అది క్లినిక్కుది.

థియేటరు తలుపు దగ్గర ఆయన్ని నర్సుకు అప్పగించి వెనక్కి వచ్చాను. పేగు కొంత కోసి తీసేశారు. మనిషి దక్కాడు. ఆపరేషన్‌కు బిల్లు రాలేదు.

మంచు కరిగాక అదే హాల్లో మళ్ళీ మీటింగు. మనిషి కాస్త చిక్కారు గాని స్లైడులు చిక్కలేదు, అవే ఉన్నాయి. కొత్తగా ఒకే ఒక్క వాక్యం చేర్చారు. ఎమర్జెన్సీ మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండాలట.

ఆ తరువాత రిటైరయ్యేదాకా తెలుగు రోగి ఎవరొచ్చినా, స్ట్రెచర్ కదిలించకముందే కాళ్ళు ముందుంటాయని చెప్పేదాన్ని. దానివల్ల కేకలు తగ్గాయి. ఇక లైను తగ్గిస్తామని వచ్చేవాళ్ళను ఏమడగాలో కూడా అప్పుడే నేర్చుకున్నాను. మీరు వద్దని తిప్పి పంపినవాళ్ళ స్ట్రెచర్ ఎవరు తోస్తారు?